అరవై ఒకటో సీసా

దేవకృప తిరిగి పనిలోకి వచ్చి పదకొండు రోజులైంది. ఆమె పాప ఎమిలీ డెంగీతో పోయి నెలన్నర. పాపకు ఏడు నెలలు.

రాంగోపాల్‌పేట్‌లోని ఆ డెంగీ పరిశోధన ల్యాబ్‌లో డాక్టర్ మధుసూదన్ ఆమెను నాలుగేళ్లుగా చూస్తున్నాడు. ఇదివరకు చేతులు పనిచేస్తుంటే నోరు ఏదో కీర్తన పాడుతుండేది. ఇప్పుడు చేతులు మాత్రమే పనిచేస్తున్నాయి.

"ఇంకో పది రోజులు ఇంట్ల ఉండకపోయినవా అమ్మా?" అన్నాడు.

"ఇంట్లో అత్తయ్య ఉన్నారు సార్."

అంతే. మిగతాది, గదులు ఊడ్చే బాలమ్మ చెప్పింది.

"సీతాఫల్‌మండిల నల్లా రెండు రోజులకోసారి వస్తది సార్. గా అత్త రోసమ్మ డ్రమ్ముల నీళ్లు పట్టింది, మూత పెట్టలే. దోమలు పుట్టినయ్. ముసల్దాని మతిమరుపు పసిగుడ్డును మింగింది. గప్పటిసంది కోడలు అత్తతోని ఒక్క మాట మాట్లాడదు. అత్త సుత తిండి మాని రోజూ గా డ్రమ్మే తోముతదంట."

దేవకృప పక్క గదిలోనే ఉంది. విన్నదో లేదో తెలియలేదు.

మధుసూదన్‌కు ఒకటే మింగుడుపడలేదు. డెంగీ మొదటిసారి వస్తే చాలామంది తట్టుకుంటారు. రెండోసారే భయం. మరి ఏడు నెలల పిల్లకు మొదటిసారే అంత ముదిరిందేం? ఆ మాట ఆమెను అడగలేకపోయాడు.

మధ్యాహ్నం ఆమే వచ్చింది.

"సార్, అరవై ఒకటో సీసా చూస్తారా?"

ఆ ల్యాబ్‌లో సీసాల మీద పేర్లు రాయరు. నంబర్లే. పోలికకు ఆరోగ్యవంతుల రక్తం కావాలి. ఎదురు షాపులవాళ్లో, స్టాఫో, ఎవరో ఒకరు ఇస్తుంటారు. రిజిస్టరులో అరవై ఒకటికి ఎదురుగా ఇలా ఉంది: 'ఐదేళ్ల క్రితం డెంగీ. ప్రస్తుతం ఆరోగ్యం.'

ఆ సీసాలోది, డెంగీ వైరస్ కలిపి పోసిన కోతి కిడ్నీ కణాల పలక చూశాడు. వైరస్ ఒక్క మచ్చ కూడా వేయలేదు.

"మంచి యాంటీబాడీలు. ఈ మనిషికి ఢోకా లేదు."

"బాగా పలచన చేసి, మనిషి తెల్లకణాల్లో కూడా వేశాను సార్."

"పలచన ఎందుకు?"

"ఏడు నెలల్లో ఎంత తగ్గుతుందో అంత సార్." ఫలితాల కాగితం ముందు పెట్టింది. అసలు యాంటీబాడీలే లేని చోటకన్నా, ఆ సీసాలోది కలిపిన చోట వైరస్ పన్నెండు రెట్లు పెరిగింది.

మధుసూదన్ కళ్లజోడు తీశాడు. "కిడ్నీ కణానికి యాంటీబాడీని పట్టుకునే కొక్కెం ఉండదు. తెల్లకణానికి ఉంటది. యాంటీబాడీ నిండుగ ఉంటే వైరస్ ఆగిపోతది. జెరంతే మిగిలిందనుకో, ఆగదు. దాన్నే పట్టుకొని లోపలికి పోతది. కాపలా పెట్టినోడే తలుపు తీసినట్టు."

"ఆ కాస్త కూడా లేకపోతే సార్?"

"మామూలు జ్వరం వచ్చి తగ్గేది కావచ్చు."

ఆమె తలూపింది. "ఫోన్ చేసుకోనా సార్?"

టేబుల్ మీది ఫోన్ ఆమె వైపు జరిపాడు. నంబరు నొక్కింది. గుమ్మంలో బాలమ్మ చీపురు ఆగింది.

"అత్తయ్యా, నేను."

అటువైపు ఏడుపు మధుసూదన్‌కు కూడా వినిపించింది. ఆ ఏడుపు సన్నగిల్లేదాకా దేవకృప రిసీవర్ చెవికి ఆనించుకునే నిలబడింది. ఆమె కళ్లు పొడిగానే ఉన్నాయి.

"డ్రమ్ము ఇంక తోమకండి. అన్నం తినండి. మీ డ్రమ్ము దోమ కుట్టినా పాపకు జ్వరం వచ్చి తగ్గిపోయేదే."

ఎడమ మోచేతి మడతలో మానుతున్న సూది మచ్చను గోటితో మెల్లగా తడిమింది.

"ఇక్కడ సీసాలో పోసి చూసింది నా రక్తాన్నే అత్తయ్యా, కడుపులో ఉన్నప్పుడు పాపకు అందులోంచి కాస్త నేనే ఇచ్చాను."