పంచకల్యాణి

నాయినకు ఆవిరి పట్టాలి. దవాఖానకు పోయి మందులు తేవాలి. గ్యాస్ సిలిండర్ బుక్ చేయాలి. పిల్లల ట్యూషన్ ఆరింటికి మార్చాలి. గుర్రాన్ని తేవాలి.

జమున కాగితం మీద రాసుకున్న పనులివి. చివరి పని కింద రెండు గీతలు గీసింది.

వారం నుంచి నాయిన సదయ్యది ఒక్కటే మాట. ముప్పై ఏళ్లు గనిలో బొగ్గు తవ్విన మనిషి. మాటకూ మాటకూ నడుమ ఆయాసం.

"పంచకల్యాణిని... ఒక్కపారి... చూడాలె బిడ్డా."

తల్లి లేని ఇల్లు. ఆ మాటకు అర్థం అడగడానికి ఇంకెవరూ లేరు. ఆ ఇంట్లో మొదటి డిగ్రీ జమునది. నిఘంటువు తీసి చూసింది.

నాలుగు కాళ్లూ, ముఖమూ తెల్లగా ఉన్న గుర్రం. శుభమట.

చిన్నప్పుడు ఏ జట్కాకు కట్టిన గుర్రాన్ని చూశాడో, ఇప్పుడు మనసు దాని మీదికి పోయింది, అనుకుంది.

గోదావరిఖనిలో బ్యాండు షాపులన్నీ తిరిగింది. అందరి దగ్గరా తెల్ల గుర్రాలే. చివరికి ఒకాయన చెప్పాడు, శుక్రవారం పెండ్లికి మంచిర్యాల నుంచి అలాంటిదొకటి వస్తోందని.

శుక్రవారం సాయంత్రం, ఊరేగింపుకు ముందు, ఆ గుర్రం క్వార్టర్ గేటు దగ్గర నిలబడింది. ఎర్రమట్టి రంగు ఒళ్లు. నుదుట తెల్ల చుక్క. నాలుగు కాళ్లకూ తెలుపు.

పగ్గం పట్టుకున్న ముసలాయన బ్యాండు వాళ్ల వేషంలో ఉన్నాడు. కనుబొమ్మల దాకా దిగిన తలపాగా, చేతులకు తెల్ల తొడుగులు, కాళ్లకు బూట్లు.

"ఇంత ఎండల గివన్నీ ఏంది కాకా?"

"పెండ్లికొడుకు కన్న నేనే మంచిగ కనవడాలె గదా బిడ్డా."

జమున వంగి గుర్రం కాలు చూసింది. "సున్నం గిట్ల పూయలే గదా?"

"రుద్ది చూడు. పుట్టుకతోని వచ్చింది యాడికి పోతది? తెల్ల గుర్రం గుడ పుట్టినప్పుడు నల్లగనే ఉంటది, ఏండ్లు గడిస్తె తెల్లవడ్తది. నల్లది ఎండకు రాగిరంగు తిరుగుతది. గుర్రానికి మచ్చలుంటె కల్యాణమంటరు. మనిషికుంటె..."

మాట ఆపేసి మంచినీళ్లు అడిగాడు.

చెంబు అందుకోవడానికి కుడిచేతి తొడుగు తీశాడు. వేళ్ల నుంచి మణికట్టు దాకా తెల్లగా ఉంది.

సున్నమే, అనుకుంది జమున. ముసలాయన పూసుకొచ్చి బుకాయిస్తున్నాడు. అయినా నాయిన చూపుకు ఏం తెలుస్తుందిలే.

"మీ నాయిన ఏ గనిల చేసిండు బిడ్డా? నేను గుడ..."

"అవన్నీ ఎందుకు కాకా? నీకే టైం అయితున్నది."

లోపలికి పోయి సదయ్యను దిండుకు ఆనించి కూర్చోబెట్టింది. కిటికీ రెక్కలు తీసింది.

"కాకా, నువ్వు జెర పక్కకు జరుగు. నాయినకు గుర్రం మొత్తం కనవడాలె."

ముసలాయన పగ్గం పొడుగ్గా వదిలి గోడ చాటుకు జరిగాడు. జరగమంటే జరగడం అలవాటైన మనిషిలా.

సదయ్య గుర్రాన్ని చూశాడు. దాని వెనక చూశాడు. తలుపు వైపు చూశాడు.

"ఏడి?"

"గిదే నాయినా, పంచకల్యాణి."

ఏదో చెప్పబోయాడు. దగ్గు అందుకుంది. ఆ దగ్గు తెల్లవారే దాకా ఆగలేదు. గుర్రం ఎప్పుడు వెళ్లిపోయిందో జమున చూడనే లేదు.

పొద్దున ఊపిరి కొంచెం కుదుటపడ్డాక సదయ్య నవ్వాడు.

"గుర్రమేందే పిచ్చిదానా? పంచకల్యాణంటె మా మొగిలి. బొల్లి మచ్చలుండె వానికి. రెండు చేతులు, రెండు కాళ్లు, నుదురు. గట్ల పిలిచి నవ్వెటోళ్లం. గనిల దిగినంక అందరిదొక్కటే రంగు గదా, వానికి లోపలనే మంచిగుండేది."

కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"బండ కూలిన్నాడు అందరం పైకి ఉరికితిమి. నేను పడ్డ. వాడొక్కడే ఎనుకకు వచ్చిండు. భుజం మీద ఏసుకొని తెచ్చిండు. గప్పుడు గుడ పంచకల్యాణీ అనే అన్న. ఒక్కపారి పేరు వెట్టి పిలవాలె బిడ్డా."

జమునకు చెంబు అందుకున్న చెయ్యి కళ్ల ముందు నిలిచింది. అది సున్నం కాదు.

పక్కింటి ఐలవ్వను నాయిన దగ్గర కూర్చోబెట్టి మంచిర్యాల బస్సెక్కింది. గుర్రం దొరికింది. ముసలాయన దొరకలేదు.

"మొగిలన్ననా? నిన్నటితోని సీజన్ అయిపాయె గదక్కా. వస్తడు, పోతడు. ఊరేదో ఎన్నడు చెప్పలే" అన్నాడు గుర్రం యజమాని.

ఆ ఆదివారం సదయ్య పోయాడు.

మీ వాడలో ఎప్పుడైనా పెండ్లి ఊరేగింపు వస్తే, గుర్రం పక్కన తెల్ల తొడుగులు వేసుకున్న ముసలాయన కనిపిస్తే, ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆయన పేరు మొగిలి.