ఎవరి బస్తా వెనక?

“ఇసుక ఎక్కడ పొయ్యమంటావన్నా?” లారీ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు ఒకెచ్.

“ఎప్పుడూ పోసేచోటే! పెరట్లో, కోళ్ల షెడ్డు పక్కన,” అన్నాడు ఓదెరో చొక్కా గుండీలు పెట్టుకుంటూ. “మా ఆవిడ కోళ్లకి గోడ కట్టిస్తానని మాటిచ్చాను. ముంగిసలు ఒక్కదాన్నీ బతకనివ్వట్లేదు.”

“పెళ్లాం కోళ్లకి గోడా! ఈ సంగతి మా ఇంట్లో తెలిస్తే నాకు అన్నం పుట్టదు,” అని నవ్వుతూ ఒకెచ్ లారీని వెనక్కి తిప్పాడు.

గుమ్మంలో నిలబడ్డ అతని భార్య అకుము నవ్వలేదు. ఆమె చేతిలో గుడ్లట్ట ఉంది. సగం కూడా నిండలేదు.

అదంతా చూసే తీరిక ఓదెరోకి లేదు. సరస్సు ఒడ్డున ఉన్న హోమా బే ఊరి మార్కెట్లో అతనిది కోళ్ల మేత కొట్టు. మొక్కజొన్న, తవుడు, సరస్సులో పట్టి ఎండబెట్టిన ఒమెనా చేపలు మరపట్టి, కలిపి బస్తాల్లో అమ్ముతాడు. ఊరు ఊరంతా గుడ్లకి అలవాటు పడి, పెరడున్న ప్రతి ఇంట్లోనూ కోళ్ల షెడ్డు లేచాక అతని మర పగలంతా తిరిగేది. ఆ తిరుగుడు నైరోబీలోని ఓ మేత కంపెనీ చెవినీ పడింది. ఎదురుగా కొట్టు తెరిచింది. మెరిసే బస్తాల్లో గుళికల మేత, ఫోన్ చేస్తే మోటార్ సైకిల్ మీద ఇంటికే. కోళ్లకి టీకాలు ఉచితం. మేత వ్యాపారం ఏటా పెరుగుతోందని రేడియోలో చెబుతూనే ఉన్నారు, ఓదెరో కొట్లో మాత్రం ఈగలు తోలుకోవడమే మిగిలింది.

ఇక అతనికున్నది ఆడవాళ్ల కోళ్ల సంఘం ఒక్కటే. వాళ్లంతా ఒకే కొట్లో కొంటారు. ఇంటింటికీ తిరిగి, “మా ఆయన కొట్లోనే కొనండి, పూచీ నాది,” అని వాళ్లని తెచ్చింది అకుమే. ఇప్పుడు వాళ్లూ కంపెనీ వైపు చూస్తున్నారు. ఇవాళ తేల్చేస్తారు. వాళ్లు పోతే మర ఆగిపోయినట్టే.

చర్చి ఆవరణలో రెండు బస్తాలు నిలబెట్టారు. ఒకటి ఓదెరోది, ఒకటి కంపెనీది. ఆ సంఘంలో ఓటు చీటీలు వెయ్యడం ఉండదు. ఎవరికి ఏది కావాలో దాని వెనక వరస కట్టాలి, అందరూ చూస్తుండగా.

“గుడ్లు తగ్గిపోయాయి తమ్ముడూ,” అంది సంఘం పెద్ద దోర్సిలా. “తొట్టి కడిగితే అడుగున ఇసుక మిగులుతోంది.”

“ఒమెనాని ఆరబెట్టేది ఒడ్డున ఇసుకలోనే కదక్కా! నాలుగు రేణువులు అంటుకుని రావా? దానికి నేనేం చెయ్యను?” ఓదెరో గొంతు పెంచాడు. “పోనీ, కోళ్లకి జబ్బొచ్చి మీరంతా ఏడుస్తుంటే మీ గుమ్మాల్లోకి వచ్చి నిలబడిందెవరు? ఈ కంపెనీవాడా?”

“నువ్వేలే,” అన్నారు ఇద్దరు ముగ్గురు, తల దించుకుని.

కొందరు ఇటు నిలబడ్డారు, కొందరు అటు. చాలామంది మధ్యలోనే ఆగిపోయారు. వాళ్లలో ఒక ముసలమ్మ చెయ్యెత్తింది.

“ఇదంతా ఎందుకు? అకుము కూడా కోళ్లు పెంచుతోంది. ఆమె ఇంటి మేత సంగతి ఆమెకి తెలిసినట్టు ఎవరికి తెలుసు? ఆమె ఎటుంటే నేనూ అటే.”

“మేమూ అంతే,” అన్నారు మిగతావాళ్లు.

ఓదెరో ప్రాణం లేచొచ్చింది. గెలిచేశాననుకున్నాడు. దోర్సిలా వైపు చూసి నవ్వాడు కూడా.

అకుము భుజం మీది గుడ్డ సర్దుకుంది. మెల్లగా నడిచింది. భర్త బస్తా దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత దాన్ని దాటుకుని వెళ్లి కంపెనీ బస్తా వెనక నిలబడింది.

ఆమె వెనకే అందరూ. అంతదాకా ఓదెరో వైపున్నవాళ్లు కూడా.

ఇంటికొచ్చే దారి పొడుగునా అతను తిడుతూనే ఉన్నాడు.

“నమ్మించి గొంతు కోశావు కదే! వాడేమిచ్చాడు నీకు?”

“ఏమీ ఇవ్వలేదు.”

“మరెందుకు? నలుగురిలో నా తల తీసేశావు! పరాయివాడు చేస్తే ఓర్చుకుంటాను. నా ఇంట్లో తిని, నా పక్కన పడుకుని...” అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

అకుము ముందుకు నడిచింది. ఆమె కళ్లూ తడిగానే ఉన్నాయి.

పెరట్లోకి రాగానే పొద్దున పోయించిన ఇసుక కుప్ప కనబడింది. దాని పక్కన పాత కంతల తడికె, లోపల ఈకలూడిన కోళ్లు. ఓదెరో గుప్పెడు ఇసుక తీసి ఆమె కాళ్ల ముందు విసిరికొట్టాడు.

“ఇదంతా ఎవరి కోసమే? నా కోసమా? నీ కోళ్ల కోసం లారీలకి లారీలు తెప్పిస్తున్నానే! ఇదా నువ్వు చూపించే విశ్వాసం?”

అకుము తడికె వైపు చూసింది. కుప్ప వైపు చూసింది. తర్వాత అతని వైపు తిరిగింది.

“మూడేళ్లుగా ఇక్కడ ఇసుక దిగుతూనే ఉంది,” అంది. “గోడేదీ?”