సింహాద్రి సన్నాయి

సినిమాలో పెళ్లి సీనుకు సన్నాయి కావాలి. వాయించేవాళ్లు ఎవరూ మిగల్లేదు కనుక, కంప్యూటర్లో దాచిపెట్టిన సన్నాయిలను ఒక్కొక్కటే వింటున్నాను. మొదటి రెండూ పెళ్లికి కాదు, లిఫ్టుకి పనికొస్తాయి. మూడోది సింహాద్రి అనే పెద్దాయనది. ఆయన ఊపిరితో, అలవాట్లతో సహా దాచారట. మీట నొక్కితే పలకలేదు.

"పాడైపోయింది ప్రమీలగారూ, తుడిచేస్తాను," అన్నాడు ఇంజనీరు రఫీ.

"ఆగవయ్యా!" నాకు నా పెళ్లి గుర్తొచ్చింది. మైకులో "గట్టిమేళం! గట్టిమేళం!" అని అరిచాను.

గది అదిరిపోయేలా సన్నాయి అందుకుంది. తెరమీద ఆడుతున్న సీనులో తాళి కట్టడం అయిపోయినా అది ఆగలేదు. రఫీ మీటలన్నీ నొక్కి చూశాడు. చివరికి, ఊపిరి తీసుకునే సందులో, పెద్దాయన గొంతే అడిగింది: "కట్టేశారా అమ్మా? జనం అడ్డమొచ్చారు, నాకేం కనబడట్లేదు."