రెండో మనిషి

"మీరు తప్పిపోయారని వస్తోందేంటమ్మా ఇక్కడ?" అంది నర్సు.

కూతురికి టీకా వేయించడానికి వచ్చిన ఆ తల్లి, వేలిముద్ర అద్దం మీదనుంచి చటుక్కున చెయ్యి తీసేసుకుంది. కంప్యూటర్ తెర మీద ఎర్రటి పెట్టె. అందులో ఆమె ఫొటో, పొడుగు జడతో. ఇప్పుడా జుట్టు మెడ దాకా కత్తిరించి ఉంది.

"నేను కాదండీ అది."

"వేలిముద్ర కలిసింది, ముఖం కలిసింది. పాపది కూడా. ఫిర్యాదిచ్చింది మీ ఆయనే." నర్సు చదువుకుంటూ పోయింది. "కంగారు పడకండి. దొరికారని ఆయనకి కబురు వెళ్తుందట. ఈ ఆసుపత్రి చిరునామాతో సహా."

అప్పుడు కనిపించింది నర్సుకి. ఎవరూ చెప్పకుండానే పాప బల్ల కిందికి దూరిపోయింది. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, రెండు చేతులతో తన నోరు తనే మూసుకుని కూర్చుంది.

"ఆపండి సిస్టర్. మీ కాళ్లు పట్టుకుంటాను. అతనొచ్చాడంటే..." జాకెట్టు చెయ్యి కాస్త పైకి జరిపి చూపించింది. నర్సు ఒక్కసారి చూసి మొహం తిప్పుకుంది.

"నేనేం నొక్కలేదమ్మా! అదే వెతికింది, అదే పంపిస్తోంది."

ఎర్రపెట్టె కింద సన్నటి పచ్చగీత ఒకటి ఎడమ నుంచి కుడికి పాకుతోంది. 'సమాచారం పంపబడుతోంది' అని రాసి ఉంది.

నర్సు పెద్దాఫీసుకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"ఆపడం నా చేతిలో లేదు మేడమ్," అన్నాడు కంప్యూటర్ విభాగం ఉద్యోగి. "పోలీసులది, ఆసుపత్రులది, బడులది, అన్ని శాఖల సమాచారమూ కిందటి నెల ఒక్కటి చేసేశారు కదా. పోల్చేది ఏఐ, పంపేది ఏఐ. మనిషి చెయ్యి పడక్కర్లేదు. దాని గొప్పే అది."

"గొప్ప తగలెయ్య! మొగుడి దెబ్బలు పడలేక పారిపోయి వచ్చిందండీ ఈవిడ. ఇలాంటివాళ్ల వివరాలు దాచే ఏర్పాటేమీ లేదా?"

"ఉంది మేడమ్. దానికి వేరే ఖర్చవుతుందన్నారు. కలపడానికే నిధులన్నీ అయిపోయాయి. అది వచ్చే ఏడాది పెడతారట."

"వచ్చే ఏడాదికి ఈవిడ బతికుండొద్దూ?"

అతను గొంతు తగ్గించి అడిగాడు. "గీత నిండిపోయిందా?"

"సగం దాటింది."

"అయితే ఒక్కటే దారి. ఆమె ఈమె కాదు, ఈమె నాకు బాగా తెలుసు అని ఎవరైనా వేలిముద్ర వేస్తే ఆగుతుంది. మీది పనికిరాదు, ఫైలు తెరిచింది మీరే. రెండో మనిషి కావాలి. త్వరగా చూడండి."

నర్సు వరండాలోకి పరిగెత్తింది. చంటిపిల్లలతో వరసలో నిలబడ్డ ఆడవాళ్లందరూ ఆ మాటలు విననే విన్నారు.

"ఎవరైనా ఒక్కరు రండమ్మా. ఒక్క వేలు చాలు."

ఒకామె ఉన్నట్టుండి బిడ్డ టోపీ సర్దడం మొదలుపెట్టింది. ఇంకొకామె గొణిగింది. "రేపు అబద్ధమని తేలి మా అత్తగారి పింఛను ఆపేస్తేనో?" వెనకనుంచి మరొకామె అంది. "మా ఆయన్ని అడక్కుండా ఎలా సిస్టర్?"

లోపల ఆ తల్లి గోడకి ఆనుకుని అలాగే నేల మీదికి జారిపోయింది. బల్ల కిందనుంచి పాప గుసగుసలాడింది. "అమ్మా, మళ్లీ పరిగెత్తాలా? చెప్పులేసుకోనా?"

గది మూల నేల తుడుస్తున్న ఆయా చేతిలో గుడ్డ ఆగిపోయింది. తెర వంక చూసింది. గీత చివరికొచ్చేస్తోంది. పాప వంక చూసింది. గుడ్డ బకెట్లో పడేసి లేచింది.

"జరగండి సిస్టర్. ఈ పిల్ల మా వీధిదే. పుట్టినప్పటినుంచీ ఎరుగుదును."

పచ్చి అబద్ధం. నర్సు కుర్చీ వెనక్కి లాగింది.

వేలు తడిగా ఉండి అద్దం మీద ముద్ర పడలేదు. ఆయా వేలిని చీరకేసి గట్టిగా రుద్దుకుని, కళ్లు మూసుకుని మళ్లీ పెట్టింది. చివర గోరంత ఖాళీ ఉందనగా గీత ఆగింది. ఎర్రపెట్టె మాయమైంది. 'హెచ్చరిక రద్దు.'

ఆ తల్లి ఆయా చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది. వెక్కిళ్లు ఆగడం లేదు.

"ఏడుపు తర్వాత," అంది ఆయా. "ముందు పాపకి సూది వేయించుకుని బయటపడు. ఇంకెక్కడా వేలు పెట్టకు తల్లీ."

సూది దిగినా పాప కిక్కురుమనలేదు. ఆ తల్లి పాపని చంకనెత్తుకుని, కొంగు తలమీదికి లాక్కుని, వరండాలోని జనంలో కలిసిపోయింది. నర్సు కిటికీలోంచి వీధి వంక చూస్తూ నిలబడింది. వాళ్లు మలుపు తిరిగి కనుమరుగయ్యాక గానీ అక్కణ్నుంచి కదల్లేదు.

"నిలబెట్టావు ఆయమ్మా," అంటూ వెనక్కి తిరిగింది. "కూర్చో, టీ తెప్పిస్తాను."

ఆయా కూర్చోలేదు. బీరువా వెనక దాచుకున్న పాత చీర, టిఫిన్ డబ్బా సంచిలో కుక్కుకుంటోంది.

"అదేంటి, ఎక్కడికి? డ్యూటీ ఇంకా అయిపోలేదుగా?"

"తెర మీద ఇంకో ఎర్రపెట్టె వచ్చింది చూడండి సిస్టర్," అంది ఆయా, సంచి భుజాన వేసుకుంటూ. "ఈపాటికి మా ఆయనకి కూడా కబురు వెళ్లిపోయుంటుంది."