చెరిపిన వాక్యం

కార్యాలయాలన్నీ డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్‌ను వదిలి ఉచిత సాఫ్ట్‌వేర్‌కు మారిన ఏడాది, ఎన్నడో చెరిపేసిన వాక్యాలు తిరిగి రావడం మొదలైంది. పాత ఫైలు ఏది తెరిచినా అవి బూడిదరంగులో కనిపించేవి. పక్కనే చెరిపినవారి పేరు. అందరూ అలవాటుపడ్డారు. కార్మిక శాఖ టైపిస్టు ఫిలోమినా మాత్రం అలవాటుపడలేకపోయింది.

ఆ ఉదయం, చనిపోయిన కూలీ తల్లి ఒకామె వచ్చి నకలు అడిగితే, రొయ్యల ఫ్యాక్టరీ ప్రమాదం ఫైలు తెరిచింది. పన్నెండేళ్ల క్రితం ఆసుపత్రిలో, చనిపోయే ముందు ఆ కూలీ నూకరత్నం చెప్పిన మాట తెర మీద నిలిచింది: "తలుపుకి బయట తాళం ఏసేరండి."

పక్కన ఫిలోమినా పేరు.

ఆమె చెరపలేదు. అప్పట్లో ఒక్క లాగిన్‌కే డబ్బు కట్టారు కనుక, ఆఫీసంతా ఆమె పేరుతోనే పనిచేసేది.

వెనక నుంచి అధికారి పరాంకుశం అన్నాడు: "ఆ నకలు ఇవ్వకమ్మా. జైలుకెళ్లేది నువ్వే."

"ఆ రోజు నా కుర్చీలో కూర్చున్నది మీరు కదా సార్?"

"పేరు నాది కాదుగా!"

ఆమె నకలు తీసి, సంతకం చేసి, వరండాలో బల్ల మీద కూర్చున్న నూకరత్నం తల్లికి చదివి వినిపించింది. ముసలమ్మ ఆ బూడిదరంగు అక్షరాలను వేలితో తడిమింది.

"మా పిల్ల మాటే. ఎవరు చెరిపేరమ్మా?"

"కాగితం మీద నా పేరుంది. చెరిపిందెవరో కోర్టులో చెబుతాను. పదండి."