తడవని క్యాంప్‌ఫైర్

"ఏమి రాస్తా ఉండావు పాపా?" కట్టెల మోపు దించుతూ అడిగాడు పెద్దమునియప్ప.

దొడ్డబళ్ళాపురం దారిలో ఉన్న చర్చివాళ్ళ యూత్ క్యాంప్‌ని ఆనుకునే ఆయన చేను. ఏటా క్యాంప్ నడిపే జెస్సీ బోర్డు మీద "మే 1997" అని వేసి, కింద క్యాంప్ చరిత్ర రాస్తోంది. హుషారుగా చదివి వినిపించింది.

"'మా ప్రార్థనలు ఫలించాయి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మా క్యాంప్‌ఫైర్ వానకు తడవలేదు.'"

"ఓహో! అయితే నా చేనికి వాన రానీకుండా చేస్తా ఉండేది మీరేనా?"

జెస్సీ పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు.

"దున్నేదానికి పదునే లేదు పాపా. రాగులు ఎప్పుడు చల్లేది?"

జెస్సీ చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. ప్రతి ఏడూ ఆకాశంకేసే చూసింది గానీ, కంచె అవతలికి ఎప్పుడు చూసింది కనుక!

ఆ సాయంత్రం మంట రాజేశాక, పిల్లలందరిచేతా వాన కోసం ప్రార్థన చేయించింది. ఆమెన్ అన్న కాసేపటికే చినుకులు టపటపా మొదలయ్యాయి.

అంతలో పెద్దమునియప్ప, ఆయన భార్య పశువుల కొట్టం రేకు మోసుకుంటూ పరుగెత్తుకొచ్చి మంటకు గొడుగు పట్టారు.

"ఇదేమి పాపా! మీ మంట ఆరకూడదని నేను మునేశ్వరునికి టెంకాయ కొట్టొస్తినే!"

"మేము వాన కావాలని అడిగాం తాతా!"

ఆయన తడుస్తున్న తన చేనుకేసి చూశాడు. జెస్సీ కూడా రేకుకు ఒక చెయ్యి వేసింది.

"మరి ఇప్పుడు చరిత్రలో ఏమని రాయాలి?"

"తడవలేదనే రాయి," అన్నాడాయన ముఖం మీద నీళ్ళు కారుతుంటే. "రేకు ఎవరిదో కూడా రాయి."