మొదటి బాప్తిస్మం

నేను సిబెరుత్ దీవికి సువార్త చెప్పడానికొచ్చిన మూడో క్రిస్మస్‌కి గానీ ఒక్కరూ బాప్తిస్మానికి ముందుకు రాలేదు. వచ్చినవాడు అమన్ బొరోయి, అంటే బొరోయి నాన్న. బొరోయి మలేరియాతో పోయి నెలన్నర.

"కొత్త పేరేం పెట్టమంటావు?" అన్నాను.

"పాతదే ఉండనివ్వండి అయ్యగారూ. అందులో మావాడున్నాడు."

జనం వైపు తిరిగాడు. "దీవిలో మందు లేదు. అయినా ఈయన మూడు రోజులు మావాడి పక్కనే మోకాళ్లమీద ఉండి ప్రార్థన చేశాడు. అందుకే వచ్చాను."

ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నేనతని నెత్తిన నీళ్లు పోసి ఆ పేరే పలికాను.

మందు ఉంది. మా అమ్మాయికి జ్వరమొస్తే కావాలని నా పెట్టె అడుగున దాచాను. దానికి ఇంతవరకూ జ్వరం రాలేదు.